నలభై రోజుల దగ్గు

నేను చిక్కిపోతున్న కొద్దీ మా గుడిలో నాకు మర్యాద పెరిగింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, కానీ ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. జబ్బు పుట్టింది ఊపిరితిత్తుల్లోనే. ముదిరింది మాత్రం ఆ మర్యాద వల్ల.

మాది పాలకుర్తి నుంచి ఆటోలో వెళ్ళే ఊరు. కొంచెం వరి, కొంచెం పత్తి. ఇంట్లో ముగ్గురం: నేను, మా ఆయన ఇన్నయ్య, మా అత్త ఆరోగ్యమ్మ. కూతురు రోజ మహబూబాబాద్‌లో ఉండి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. మా ఊరి కతోలిక గుడిలో మరియమాత సంఘానికి పెద్దను నేనే. ఆదివారం పూజ తర్వాత పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేదీ నేనే. భద్రమైన అభ్యంగనమనే సంస్కారానికి తయారయ్యే పిల్లలతో పవిత్రాత్మ ఏడు వరాలను వల్లె వేయించేదాన్ని. భక్తి అనే వరం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పెరిగేది. దేవుణ్ణి తండ్రిగా ప్రేమించడం, ఆ ప్రేమతోనే ఇంట్లో పెద్దలను చూసుకోవడం, ఈ రెండూ కలిస్తేనే భక్తి అని చెప్పేదాన్ని. పిల్లలు తడుముకోకుండా అప్పజెప్పేవాళ్ళు. నేను సంతోషంగా ఇంటికి వచ్చి మా అత్తను కసురుకునేదాన్ని.

కసురుకోవడానికి కారణాలకు కొదవ లేదు. ఆమెకు తంబాకు నమిలే అలవాటు. జపమాల మొదలుపెట్టగానే కునికిపాట్లు. ఆ జపంలో సంతోష రహస్యాలు ధ్యానించేది ఏ రోజు, దుఃఖ రహస్యాలు ఏ రోజు అన్నది డెబ్బై ఏళ్ళు దాటినా పట్టుబడలేదు. మా ఇళ్ళల్లో సాయంత్రం జపమాల అయ్యాక చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ముందు తల వంచి స్తోత్రం చెబుతారు. పెద్దవాళ్ళు బొటనవేలితో నుదుటి మీద సిలువ గీస్తారు. మా అత్త బొటనవేలు తంబాకు నలిపీ నలిపీ నల్లబడింది. ఆ వేలు నా నుదుటి మీద పడితే వాసన ముక్కును వదిలేది కాదు, నాకు కడుపులో తిప్పేది. జపం చెప్పించే నేను చెప్పించుకునే మనిషి ముందు తల వంచడమేమిటని సాకు పెట్టుకుని, చాలా ఏళ్ళ కిందటే స్తోత్రం చెప్పడం మానేశాను. ఆమె ఏమీ అడగలేదు.

దగ్గు విభూది బుధవారానికి కాస్త ముందు మొదలైంది. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలం నలభై రోజులూ ఒంటిపూట భోజనం అని నేను అప్పటికే సంఘంలో అందరి ముందూ చెప్పి ఉన్నాను. రెండో వారానికి ఆ ఒక్క పూట కూడా తినబుద్ధి కాలేదు. దేవుడు నా ఉపవాసాన్ని సులువు చేశాడని అనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలేది. సిలువ మార్గం ప్రార్థనలో మోకాళ్ళ మీద వంగి లేచిన అలసట అనుకున్నాను. పొద్దున లేచేసరికి జాకెట్టు చెమటతో తడిసి ఉండేది. దానికీ ఏదో ఒక పుణ్యం అంటగట్టే ఉంటాను, గుర్తు లేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర దగ్గు మందు తెచ్చుకుని, అది కూడా సరిగా తాగలేదు. బాధను యేసయ్యకు అర్పించాలని పిల్లలకు చెప్పే మనిషిని, నేనే మందుల వెంట పడితే ఏం బాగుంటుంది?

సంఘం ఆడవాళ్ళు నన్ను చూసి మురిసిపోయారు. తపస్సంటే మన జెసింతక్కదే అని నా పేరెత్తి పొగిడారు. ముఖంలో వెలుగు వచ్చిందని ఒకామె అంది. అది జ్వరం. నేను మాత్రం ఇంటికి వచ్చి అద్దంలో ఆ వెలుగు కోసం వెతుక్కున్నాను.

ఒక్క మా అత్తే మెచ్చుకోలేదు. ఒకరోజు నేను గిన్నెలు తోముతూ దగ్గుతుంటే వచ్చి నా వెనక నిలబడింది.

"బిడ్డా, గిది ఉపాసం దగ్గు గాదు. మా నాయినకు గిట్లనే ఉండె. జనగామ పోయి జర చూపెట్టుకో."

"నీకు భక్తి లేకపోతే మానె. నా తపస్సు చెడగొట్టకు అత్తా" అన్నాను.

ఆమె తన తంబాకు సంచి తీసుకుని అరుగు మీదికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం జపమాలకు ఆమెను శిక్షగా నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. మా ముందు గది చిన్నది. దోమలు వస్తాయని తలుపూ కిటికీ మూసేవాళ్ళం. మా ఆయన పొలానికి నీళ్ళు పెట్టాలని తప్పించుకునేవాడు. మిగిలింది మేమిద్దరమే. కునుకు తీస్తే వెంటనే తట్టి లేపడానికి వీలుగా, మోకాలికి మోకాలు తగిలేట్టు దగ్గరికి జరిపి కూర్చోబెట్టాను. ప్రతి జపంలో మొదటి సగం నేను గట్టిగా చెప్పాలి, రెండో సగం ఆమె గొణగాలి. యాభై మూడు మంగళవార్త జపాలు, ప్రతి దాని మధ్యా నా దగ్గు. అది ఆ ఒక్క రోజుతో ఆగలేదు, మట్టల ఆదివారం వరకూ రోజూ అదే తంతు.

మట్టల ఆదివారానికి రోజ ఇంటికి వచ్చింది. ఊరేగింపులో పాట అందుకోబోయి దగ్గు తెరలో పడిపోయాను. రుమాలు తీసేసరికి ఎర్రగా ఉంది. మడిచి దాచబోతే రోజ నా మణికట్టు పట్టుకుంది. ఎన్ని రోజులైందని అడిగింది. తపస్సు మొదలైనప్పటి నుంచి అన్నాను, ఇంకా ఆ మాటలో కొంచెం గొప్ప ఉంది.

"నేను సదివేదే గిది గదమ్మా. గిన్ని రోజుల సంది దగ్గుకుంట ఒక్క ఫోన్ జెయ్యకపోతివి."

పాస్క, అదే ఈస్టర్ పండుగ, అయ్యాక వెళ్దామని బతిమాలాను. పవిత్ర శుక్రవారం సిలువ మార్గం నేనే నడిపించాలి, చెప్పేవాళ్ళు లేరన్నాను. నా బిడ్డ నా వైపు చూసిన చూపులో అసహ్యం ఉంది. ఆ చూపు నాకు అవసరమే. సోమవారం పొద్దున్నే జనగామ బస్సెక్కాం.

పెద్ద దవాఖానలో బెంచీ మీద కూర్చోవడం ఎవరికీ కొత్త కాదు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. ఫినాయిలు వాసన, ఎవరిదో టిఫిన్ డబ్బా వాసన, మధ్యలో నేను. చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, బయట గోడ పక్కకు వెళ్ళి కఫం పట్టి తెమ్మన్నారు. పది మంది చూస్తుండగా కాకరించి ఉమ్మాలంటే ప్రాణం చచ్చిపోయింది. గుడిలో వందమంది ముందు పాట ఎత్తుకునే గొంతుతో ఉమ్మి రాక నిలబడ్డాను. పక్కన నర్మెట్ట వైపు తండా నుంచి వచ్చిన ఒక లంబాడామె ఉంది. భర్త మందుల కోసం వచ్చిందట. నన్ను కాసేపు చూసి, వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది.

"సిగ్గువడకు అక్కా. మూడుమార్లు గాలి మంచిగ గుంజుకో, అప్పుడు దగ్గు. లోపలిది బయటికి రావాలె గద."

అలాగే చేశాను, వచ్చింది. ఆమె తన సీసాలో నీళ్ళు పోసి నోరు కడుక్కోమంది. ఉత్త కడుపున మాత్రలు తిప్పుతాయని, మింగే ముందు ఒక ఉడకబెట్టిన గుడ్డు తినమని చెప్పింది. నేనెవరో, ఏ గుడికి పోతానో అడగలేదు. ఆ రోజంతా నాకు దక్కిన ప్రార్థన ఏదైనా ఉందంటే వీపు మీద ఆ చెయ్యే.

టీబీ అని తేలింది. ఆరు నెలలు మాత్రలు వేసుకుంటే తగ్గిపోతుందని డాక్టరు నిమ్మళంగా చెప్పాడు. తర్వాత ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగాడు. కంచాలూ చెంబులూ వేరు చేయడం కాదు, మూసిన గదిలో మీ దగ్గర ఎక్కువ సేపు కూర్చునేది ఎవరో చెప్పండి, వాళ్ళకు ముందు పరీక్ష చేయాలి అన్నాడు. నా మోకాలికి తగిలే ఆ ముసలి మోకాలు గుర్తొచ్చింది. రోజ ముందుకు వచ్చి "మా నాన్న, నాయనమ్మ" అని చెప్పి రాయించింది.

వారం లోపే ఆశ కార్యకర్త ఇంటికి వచ్చింది. మా ఆయనకు దగ్గు లేదు. మా అత్తకు ఉంది, ఎప్పుడూ ఉండేదే. తంబాకు దగ్గు, అవ్వకు ఎన్నేండ్ల సంది ఉన్నదే అన్నాడు మా ఆయన. అయినా కఫం పట్టి ఇవ్వండని ఆమె మా అత్త ముందే ఒక డబ్బాను నా చేతికిచ్చి వెళ్ళింది. ఆ డబ్బాను నేను మా అత్తకు ఇవ్వలేదు. పరీక్షలో ఏమీ లేకపోతే సరే. ఉంటే? నేను జపమాల పేరున ఆ ముసలిదాన్ని ఎదురుగా కట్టేసి కూర్చోబెట్టి జబ్బు ఊదానని ఊరంతా తెలుస్తుంది. డబ్బాను తీసుకెళ్ళి అలమారలో మరియమాత బొమ్మ వెనక పెట్టాను. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే రోత పుట్టించేది ఈ పనే. ఉపవాసం తెలియక చేసిన తప్పు. ఇది తెలిసి చేసింది.

పాస్క తర్వాతి రోజులు మాత్రలతో గడిచాయి. మూత్రం ఎర్రగా, నోరు చేదుగా. అన్నం ఉడికే వాసనకే వాంతి వచ్చేది. మెచ్చుకున్న ఆడవాళ్ళు మా వాకిలి వైపు రావడం మానేశారు. గుడి దగ్గర ఎదురుపడితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మీ కోసం జపాలు చెప్పుకుంటున్నామని దూరం నుంచే అనేవాళ్ళు. సంఘం పెద్దరికం వేరే ఆమెకు ఇచ్చారని నాకు చెప్పడానికి కూడా ఎవరూ రాలేదు. పోనీ, వాళ్ళను అనడానికి నాకు ముఖమెక్కడిది? ఆ రకం భక్తి వాళ్ళకు నేర్పింది నేనే.

నా వాంతి ఎత్తిపోసింది మా అత్త. పాత రంగు డబ్బాలో బూడిద పోసి నా మంచం పక్కన పెట్టేది. నిండగానే తీసుకెళ్ళి గుంట తవ్వి పూడ్చి, డబ్బా కడిగి మళ్ళీ బూడిద పోసేది. ఒక్కసారి ముఖం చిట్లించలేదు. జపం లేదు, పాట లేదు. తంబాకు నములుతూ పక్కన కూర్చునేది. ఆ వాసనకు నాకు మళ్ళీ వాంతి వచ్చేది. ముఖం అటు తిప్పుకుని, అత్తా జర అవతల కూర్చో అనేదాన్ని. జరిగేది, కానీ వెళ్ళిపోయేది కాదు. అలమారలో బొమ్మ వెనక డబ్బా అలాగే ఉంది.

జూన్‌లో మా ఆడబిడ్డ శౌరమ్మ భూపాలపల్లి నుంచి వచ్చింది. పెద్ద భక్తురాలు. ఏదో పుణ్యక్షేత్రం నూనె సీసాలో తెచ్చింది. రుమాలు ముక్కుకు గట్టిగా కట్టుకుని, గడప దగ్గరే నిలబడి నా మీదికి చెయ్యి చాపి గంటసేపు ప్రార్థన చేసింది. మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. చేసిన ప్రార్థనను మాత్రం ఫోన్‌లో ఫొటో తీయించుకుంది. నాకు ఒంట్లో ఓపిక లేదు కాబట్టి సరిపోయింది.

వెళ్ళబోతూ తన తల్లి వైపు చూసింది. మా అత్త అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జాకెట్టు భుజం మీది నుంచి జారుతోంది. తంబాకు సంచి పక్కన పడేసి ఉంది. వారం నుంచి నమలబుద్ధి కావడం లేదంటోంది.

"మా అవ్వకు గిప్పుడు భక్తి కుదిరింది వదినా. తిండి తగ్గించింది, తంబాకు ఇడిసింది. మొఖంల ఎంత శాంతి ఉన్నదో సూడు. ఈ రోగం ఇంట్ల ఎందుకు, నేను భూపాలపల్లి తీస్కపోత."

ఆ మాటలు విని నేను పెరట్లోకి పరుగెత్తి కక్కాను. మాత్రల వల్ల కాదు. ఆ పొగడ్త నాది. మాట మాట నాకు తెలుసు. నోరు తుడుచుకుని లోపలికి వచ్చి, మరియమాత బొమ్మ జరిపి, దుమ్ము పట్టిన డబ్బా తీసి మా అత్త చేతిలో పెట్టాను. మూడుసార్లు గాలి పీల్చి దగ్గమని చెప్పాను. వీపు మీద చెయ్యి వేశాను. వెన్నెముక చేతికి పూసపూసగా తగిలింది.

రిపోర్టు వచ్చింది. ఆమెకూ అదే. శౌరమ్మకు ఫోన్ చేసి చెప్పాను. మా ఇల్లు ఇరుకు వదినా, ప్రార్థనలో పెడతాం అంది. ఆ రోజు నుంచి పొద్దున్నే పువ్వుల బొమ్మతో ఒక వాక్యం మా ఆయన ఫోన్‌కు వస్తోంది. మనిషి రాలేదు.

డెబ్బై దాటిన ఒంటికి ఆ మాత్రలు నా ఒంటికి పడ్డట్టు పడలేదు. ఆగస్టులో, మరియమాత మోక్షారోపణ పండుగ వారంలో, ఆమె కళ్ళు పచ్చబడ్డాయి. జనగామ దవాఖానలో చేర్చాం. మాత్రలు కొన్నాళ్ళు ఆపి, మళ్ళీ ఒక్కొక్కటే మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఆమె పక్క మార్చింది నేను. ఒళ్ళు తుడిచింది నేను. గొప్పకు చెప్పడం లేదు. ప్రతిసారీ నాకు రోతగా ఉండేది. ఆ మడతలు, ఆ వాసన, నా చేతుల మీద పడే ఆ కఫం. సేవ చేస్తుంటే మనసు తేలికపడుతుందని పిల్లలకు చెప్పేదాన్ని. నాకు పడలేదు. బయటికి వచ్చి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ, ఈమె చచ్చిపోతే నేను చెప్పాల్సిన మాట లోపలే ఉండిపోతుందని భయపడేదాన్ని. మళ్ళీ లోపలికి వెళ్ళేదాన్ని, చెప్పకుండానే బయటికి వచ్చేదాన్ని.

ఆమె బతికింది. సెప్టెంబరులో ఇంటికి తెచ్చాం. అక్టోబరులో నా మాత్రల కోర్సు పూర్తయింది, పరీక్షలో జబ్బు లేదని వచ్చింది. అది జపమాల మాసం. సంఘం ఆడవాళ్ళు అరడజను మంది, ఇప్పుడు ముక్కులకు కొంగు లేకుండా, ఇంటికి వచ్చారు. ఆదివారం పూజ అయ్యాక నేను సాక్ష్యం చెప్పాలట. మరియతల్లి నన్ను ఎట్లా స్వస్థపరిచిందో చెబితే నలుగురి విశ్వాసం పెరుగుతుందట. పెద్దరికం కూడా తిరిగి తీసుకోమన్నారు. ఆర్నెల్ల కిందట అయితే ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు ఎలకను నోట్లో పెట్టుకున్నట్టు అనిపించింది. మరియతల్లి బొమ్మ వెనక నేనేం దాచానో ముందు ఇంట్లో చెప్పుకోవాలి, తర్వాత మీకు చెబుతానన్నాను. వాళ్ళకు అర్థం కాలేదు, టీ తాగి వెళ్ళిపోయారు.

చెప్పాను కూడా, తర్వాత వారం. పూజ అయ్యాక గుడి మెట్ల మీద నిలబడి, డబ్బా దాచిన సంగతి చెప్పి, అందరికీ చివరికి ఒకటే మాట చెప్పాను. రెండు వారాలు దాటిన దగ్గును దేవుడికి అర్పించకండి, దవాఖాన డబ్బాలో అర్పించండి. ఎవరైనా చిక్కిపోతుంటే మెచ్చుకోకండి, జనగామ బస్సెక్కించండి. కొందరు నవ్వారు. కొందరికి కోపం వచ్చింది. పెద్దరికం మళ్ళీ నా దగ్గరికి రాలేదు.

కానీ అంతకుముందు, ఆడవాళ్ళు టీ తాగి వెళ్ళిన ఆ సాయంత్రమే, మా అత్త దగ్గర కూర్చున్నాను. ఇంకా పొద్దు ఉంది. ఆమె మంచం మీద కూర్చుని గంజి తాగుతోంది. నా దగ్గు నుంచే నీకు జబ్బు అంటుకుంది అత్తా అన్నాను. నేనే నిన్ను ఎదురుగా కూర్చోబెట్టాను. ఆశామె డబ్బా ఇస్తే రెండు నెలలు దాచాను. ఇదంతా తల వంచుకుని, పిల్లలు అప్పజెప్పినట్టు చెప్పాను. ఆమె గంజి పూర్తిగా తాగి గిన్నె కింద పెట్టింది.

"నాకెరుకే. మరియతల్లి ఎనుక పెట్టినవ్. నేను రోజు దండం పెట్టేటప్పుడు కనవడేది."

"మరి అడగకపోతివి?"

"నువ్వెప్పుడు తీస్తవో అని సూసిన."

నాకు ఆమె మీద కోపం రావాలో, కాళ్ళ మీద పడాలో తెలియలేదు. ప్రాణం మీదికి తెచ్చుకుంటూ ఎదురుచూడటం ఏం పద్ధతి అని అడగబోయాను. ఆమె నోరు తుడుచుకుని మంచం మీద సర్దుకుంది.

"తీసినవ్ గద. ఇగ జపం జెప్పు, నాకు నిద్రొస్తది."

కిటికీ బార్లా తెరిచాను. దోమలు వచ్చాయి, రానీ అనుకున్నాను. మోకాళ్ళు తగలకుండా పక్కన కూర్చుని జపమాల చెప్పాను. మూడో రహస్యం దగ్గరే ఆమె కునుకు మొదలైంది. తట్టి లేపలేదు, రెండో సగం కూడా నేనే చెప్పుకున్నాను. చివరి జపానికి ఆమె తనంతట తానే కళ్ళు తెరిచి సిలువ గుర్తు వేసుకుంది.

అప్పుడు ముందుకు జరిగి, తల వంచి, స్తోత్రం అత్తా అన్నాను. ఆమె బొటనవేలు నా నుదుటికి తగిలింది. ఎప్పుడు మొదలుపెట్టిందో, ఎవరు తెచ్చిచ్చారో, ఆ వేలు నిండా మళ్ళీ తంబాకు వాసన. ముసలి వేలు మెల్లగా నిలువు గీత గీసి, ఆగి, అడ్డ గీత గీసింది. అది పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టుకుని తల వంచే ఉంచాను.